గోడ దాటిన మీట

కుర్చీలోంచి లేవకుండా టీవీ ఛానల్ మార్చే సాధనం ఒకటి కావాలని 1950లలో చికాగోలోని జెనిత్ కంపెనీ అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్ తన ఇంజనీర్ల వెంటపడ్డాడు. ఆయనకు ప్రకటనలంటే పడదు. అవి మొదలు కాగానే వాటి నోరు మూయించాలన్నదే ఆయన పట్టుదల. ఇంజనీర్లకు ముందుగా తట్టింది రేడియో. తీగ అక్కర్లేదు, గురిపెట్టే పని లేదు, మధ్యలో మనిషి నిలబడ్డా ఇబ్బంది లేదు. అయినా ఆ ఆలోచనను పక్కన పెట్టేశారు. కారణం, రేడియో తరంగం గోడ దాటిపోతుంది. పక్కపక్క వాటాల్లో ఒకే కంపెనీ టీవీలుంటే, ఈ ఇంట్లో మీట నొక్కితే ఆ ఇంట్లో బొమ్మ మారిపోతుంది.

ఇవాళ మన ఇళ్లలోని స్మార్ట్ టీవీ, స్ట్రీమింగ్ స్టిక్ రిమోట్లు చాలావరకు రేడియోతోనే పనిచేస్తున్నాయి. అపార్టుమెంట్లు అప్పటికంటే ఇరుకయ్యాయి, టీవీలు పెరిగాయి, అయినా పక్కింటి టీవీ మారడం లేదు. తరంగానికి గోడ దాటే గుణం పోలేదు. దానికి చిరునామా రాయడం మనిషి నేర్చుకున్నాడు. రిమోట్ చరిత్రలో అసలు మలుపు అదేనని నా అభిప్రాయం. తరంగాన్ని పుట్టించినవాళ్లను లోకం గుర్తుపెట్టుకుంది గానీ, అది ఎవరికి చేరాలో నేర్పినవాళ్లను అంతగా పట్టించుకోలేదు.

గోడ దాటడమే గొప్పగా కనిపించిన రోజులూ ఉన్నాయి. 1895 ప్రాంతంలో కలకత్తా టౌన్‌హాల్‌లో జగదీశ్ చంద్ర బోస్ చేసిన ప్రదర్శన అలాంటిదే. ఒకచోట పుట్టించిన తరంగాలు గోడలు దాటి, బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ దేహాన్నీ దాటి, అవతల గదిలో గంట మోగించాయి, కాస్త మందుగుండును పేల్చాయి. మిల్లీమీటర్లలో కొలవదగినంత పొట్టి తరంగాలవి. వార్తలు పంపి సొమ్ము చేసుకోవాలన్న ధ్యాస బోస్‌కు లేదు. ఆ తరంగాల స్వభావం తెలుసుకోవాలన్నదే ఆయన తపన. అయినా దూరాన ఉన్న వస్తువు చేత తీగ లేకుండా పని చేయించడం మన దేశంలో జనం కళ్లెదుటే జరిగింది.

మరి మూడేళ్లకు, 1898లో, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్లతొట్టిలో ఒక చిన్న పడవను దింపాడు. దానికి తీగ లేదు, తాడు లేదు. ఆయన తన దగ్గరున్న పెట్టె మీద మీట కదిపితే పడవ మలుపు తిరిగింది, దాని మీది దీపాలు వెలిగి ఆరాయి. ఆ ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది. టెస్లా గొప్పతనం చెప్పాల్సి వస్తే అందరూ ఈ పడవనే చూపిస్తారు. నాకు మాత్రం 1903లో ఆయన చేతికొచ్చిన మరో రెండు పేటెంట్లు ఇంకా విలువైనవిగా కనిపిస్తాయి. గాలిలో ఎవరి తరంగమైనా తిరగవచ్చు. అలాంటప్పుడు నా యంత్రం నా మాటే వినాలంటే ఎలా? ఒక్క ఫ్రీక్వెన్సీకి యంత్రం లొంగకూడదు, రెండు మూడు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కలిసి వచ్చినప్పుడే కదలాలి అన్నది ఆయన జవాబు. ఒకటి దొంగిలించినా రెండోది తెలియకపోతే పని జరగదు. రిమోట్‌కు చిరునామా అన్న ఊహ అంత పాతది. కానీ దాన్ని ఇంటి సామాన్లలోకి దించే చవకైన భాగాలు ఆనాడు లేవు.

ఇంటి వినోదానికి రేడియో రిమోట్ వచ్చింది ముందు టీవీకి కాదు, రేడియోకే. ఫిలడెల్ఫియాలోని ఫిల్కో కంపెనీ తన 1939 మోడళ్లలో పెద్ద రేడియోలతో పాటు 'మిస్టరీ కంట్రోల్' అనే చెక్కపెట్టెను అమ్మింది. పెట్టె పైన టెలిఫోన్‌కు ఉండేలాంటి డయల్. రంధ్రంలో వేలు పెట్టి తిప్పి వదిలితే, డయల్ వెనక్కి వస్తూ కొన్ని పల్సులను పంపేది. అవతల రేడియోలోని యంత్రాంగం పల్సుకొక అడుగు చొప్పున కదిలి, ముందే ఎంచిపెట్టుకున్న స్టేషన్ దగ్గర ఆగేది. శబ్దం పెంచడం, తగ్గించడం కూడా డయల్ పనే. పెట్టె లోపల ఒక బ్యాటరీ, ఒకే ఒక్క వాక్యూమ్ ట్యూబు, ఒక తీగచుట్ట. అంతకుమించి ఏమీ లేదు.

ఆ పెట్టెను తయారుచేసినవాళ్ల తెలివి చూడండి. వాళ్లు ఎంచుకున్నది 350 నుంచి 400 కిలోహెర్ట్జ్ మధ్య ఫ్రీక్వెన్సీ. 375 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 800 మీటర్లు. అంత పొడవైన తరంగాన్ని జానెడు తీగచుట్ట దూరానికి వెదజల్లలేదు. తన చుట్టూ కొంతమేర అయస్కాంత క్షేత్రాన్ని మాత్రం ఆడిస్తుంది. ఆ క్షేత్రం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రేడియో పెట్టె అడుగున ఉన్న పెద్ద తీగచుట్ట ఆ కదలికను పసిగడుతుంది. అంటే గోడ అడ్డొచ్చినా పని జరుగుతుంది, వీధి చివరి ఇంటిదాకా మాత్రం పోదు. గోడ దాటే గుణాన్ని వదులుకోకుండానే దాని పరుగును భౌతిక సూత్రంతో కట్టేశారు. ఆనుకుని ఉన్న రెండిళ్లవాళ్లూ కొనుక్కుంటే? అందుకు ఒక్కో సెట్టుకు కొద్ది తేడాతో వేరే ఫ్రీక్వెన్సీ పెట్టుకునే వీలు ఉంచారు.

అందువల్ల ఈ రేడియోను దుకాణం నుంచి తెచ్చి ప్లగ్గు పెడితే సరిపోయేది కాదు. పెట్టెకూ రిసీవర్‌కూ ఫ్రీక్వెన్సీ సరిగ్గా కలవాలి. ఏ స్టేషన్లు కావాలో ముందే అమర్చుకోవాలి. రిసీవర్ ఎంత బలహీనమైన సంకేతాన్ని పట్టుకోవాలో కూడా సరిచూసుకోవాలి. అది ఎక్కువైతే పక్కగదిలో ఎవరో మోటారు స్విచ్ వేసినా రేడియో తనంతట తాను స్టేషన్ మార్చేసే ప్రమాదం ఉంది. తక్కువైతే పెట్టెను రేడియో పక్కనే పెట్టుకోవాలి. ఎనభై ఏళ్లు దాటినా ఆర్‌ఎఫ్, అంటే రేడియో తరంగాల, రిసీవర్ అమర్చేవాళ్లు చేసే పని ఇదే: జత కలపడం, అడ్డు శబ్దాన్ని తగ్గించడం. ఫిల్కో ఇంజనీర్లకు రిమోట్ కథలో దక్కవలసిన చోటు దక్కలేదని నేను గట్టిగా నమ్ముతాను. తర్వాత యుద్ధం వచ్చింది. 1942లో అమెరికాలో ఇళ్ల కోసం రేడియోలు తయారుచేయడమే ఆపేశారు.

యుద్ధం తర్వాత టీవీల కాలంలో కథ జెనిత్ చేతికి వచ్చింది. 1950లో వాళ్లు తెచ్చిన 'లేజీ బోన్స్' రిమోట్‌కు టీవీ దాకా తీగ ఉండేది. అది కాళ్లకు తగిలేది. 1955లో యూజీన్ పోలీ 'ఫ్లాష్‌మాటిక్' చేశాడు. పిస్తోలు ఆకారంలో ఉన్న టార్చిలైటు అది. తెర నాలుగు మూలల్లో నాలుగు కాంతి గ్రాహకాలు. ఏ మూలకు వెలుగు కొడితే ఆ పని. సాయంత్రపు ఎండ కిటికీలోంచి మూల మీద పడినా టీవీ దాన్నొక ఆజ్ఞగానే తీసుకునేది. మరుసటి ఏడాది, వియన్నాలో పుట్టి అమెరికా చేరిన భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ ఆడ్లర్ 'స్పేస్ కమాండ్' తెచ్చాడు. లోపల వేర్వేరు పొడవుల అల్యూమినియం కడ్డీలు నాలుగు. మీట నొక్కితే చిన్న సుత్తి కడ్డీని కొడుతుంది. అది 40 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో, మన చెవికి అందని శబ్దంతో మోగుతుంది. బ్యాటరీ లేదు. బ్యాటరీ అయిపోతే జనం టీవీయే పాడైందనుకుంటారని అమ్మకాలవాళ్లు పట్టుబట్టారట.

ఆడ్లర్ శబ్దాన్ని ఎంచుకోవడానికి కారణం గోడే. ధ్వని గదిలోనే ఉండిపోతుంది. దానికోసం టీవీలో మరో ఆరు ట్యూబులు పెట్టాల్సి వచ్చింది, ధర దాదాపు 30 శాతం పెరిగింది. అయినా పాతికేళ్లలో ఇలాంటి రిమోట్ ఉన్న టీవీలు 90 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. లోపం కూడా దాని వెంటే ఉంది. తాళంచెవుల గుత్తి గలగలలాడినా ఛానల్ మారేది. తరంగాన్ని గదికి కట్టేశారే గానీ, ఆ మోత ఎవరిదో తెలుసుకునే విద్య టీవీకి ఇంకా రాలేదు. 1997లో పోలీకీ ఆడ్లర్‌కీ కలిపి ఎమ్మీ పురస్కారం ఇచ్చారు. పోలీ పేరును చాలాకాలం వెనక్కి నెట్టిన లోకం ఆ ఒక్కసారైనా న్యాయం చేసింది.

ఆ విద్య వచ్చింది పరారుణ కాంతితో, అంటే మనందరికీ అలవాటైన ఐఆర్ రిమోట్‌తో. 1974లో బ్రిటన్‌లో బీబీసీ సీఫ్యాక్స్ అనే టెలిటెక్స్ట్ సేవ మొదలుపెట్టింది. తెర మీద వార్తల పేజీ తెరవాలంటే మూడంకెల నంబరు నొక్కాలి. నాలుగు కడ్డీలతో అది అయ్యే పని కాదు. సంకేతాన్ని సున్నాలు, ఒకట్లుగా మార్చి పంపడం తప్పనిసరైంది. ఫిలిప్స్ తెచ్చిన ఆర్‌సీ-5 పద్ధతిలో ఒక్కో ఆజ్ఞకు 14 బిట్లు; అందులో 5 బిట్లు ఇది టీవీకా, వీడియో రికార్డరుకా అని చెబుతాయి, 6 బిట్లు ఏం చేయాలో చెబుతాయి. ఒక గదిలో నాలుగైదు పెట్టెలు చేరాక ఎవరి ఆజ్ఞ వారికి చేరడానికి పుట్టిన ఏర్పాటిది. ఎండకూ ట్యూబులైటుకూ మోసపోకుండా కాంతిని సెకనుకు 36 వేలసార్లు మినుకుమనిపించి పంపారు. వేరే కంపెనీలు 38 వేలు ఎంచుకున్నాయి. రేడియోకు ఇంతకాలం కొరవడిన చిరునామా ఇలా కాంతి దగ్గర తయారైంది.

కాంతి గోడ దాటదు, అదే దాని బలం. మనం రిమోట్‌కు తొడిగే ప్లాస్టిక్ కవరును అది సులువుగా దాటుతుంది గానీ చెక్క తలుపును దాటలేదు. అక్కడే కొత్త బాధ మొదలైంది. ఆంప్లిఫయరు, సెట్‌టాప్ బాక్సు, ప్లేయరు కలిసి తలుపులున్న షోకేసులోకి చేరాయి. హాల్లోని ఒక్క బాక్సు నుంచి పడకగది టీవీకి కేబుల్ లాగుకున్న ఇళ్లు మన ఊళ్లలోనూ తక్కువేం కాదు. పడకగదిలో బొమ్మ వస్తుంది, ఛానల్ మార్చాలంటే హాల్లోకి నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది చిన్న కష్టం కాదు. ఒకప్పుడు తప్పు అనిపించిన గోడ దాటే గుణమే ఇప్పుడు అవసరమైంది.

అమెరికాలో డిష్ నెట్‌వర్క్ దీనికి ఒక మంచి పరిష్కారం చూపింది. ఒకే బాక్సు, రెండు టీవీలు; హాల్లోని టీవీకి ఐఆర్ రిమోట్, లోపలి గది టీవీకి యూహెచ్‌ఎఫ్ రేడియో రిమోట్. ఇరుగుపొరుగులో అలాంటి బాక్సే ఉంటే రిమోట్ అడ్రస్ నంబరు మార్చుకోవచ్చు. బాక్సు మార్చనక్కర్లేకుండా పనిచేసే వంతెనలూ వచ్చాయి. ఎక్స్‌10 కంపెనీ అమ్మిన 'పవర్‌మిడ్' పిరమిడ్ ఆకారపు జంట. పడకగదిలోని పిరమిడ్ మామూలు రిమోట్ కాంతిని అందుకుని రేడియోగా మార్చి పంపుతుంది. హాల్లోనిది దాన్ని తిరిగి కాంతిగా మార్చి బాక్సు మీద పోస్తుంది. బాక్సుకు మధ్యలో జరిగిందేమీ తెలియదు. ఆ తర్వాత వచ్చిన యూనివర్సల్ రిమోట్ల ఆర్‌ఎఫ్ రిసీవర్లన్నీ ఈ సూత్రం మీదే నడిచాయి: షోకేసులో ఒక రిసీవరు, దాని నుంచి ఒక్కో పరికరం ముఖం మీద అంటించే, ఐఆర్ కాంతిని వెదజల్లే చిన్న ఎమిటర్లు.

పక్కింటి చిక్కును ఈ రేడియో రిమోట్ల తయారీదార్లు దాటగలిగారంటే గ్యారేజీ తలుపుల పుణ్యమే. అమెరికాలో 1950ల నాటి రేడియో గ్యారేజీ మీటలతో ఒకరు నొక్కితే పొరుగువాళ్ల తలుపు తెరుచుకునేది. దానికి మందుగా రిమోట్‌లోనూ రిసీవర్‌లోనూ వరసగా బుల్లి స్విచ్‌లు పెట్టారు. ఎనిమిది స్విచ్‌లుంటే 256 రకాల అమరికలు. రెండుచోట్లా ఒకే అమరిక ఉంటేనే తలుపు కదులుతుంది. బజారంతా వినేలా కేకేసినా పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుగల మనిషే తిరిగి చూస్తాడు కదా, ఇదీ అంతే. కేక గోడ దాటనివ్వండి, పేరు కలవనివాడు పలకడు.

తైవాన్ కంపెనీ హోల్టెక్ చేసిన హెచ్‌టీ12ఈ, హెచ్‌టీ12డీ చిప్పుల జంట ఈ విద్యను కొద్ది రూపాయలకే అందించింది. 12 బిట్లలో 8 చిరునామాకు, 4 ఆజ్ఞకు. తెలుగు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు ఈ పేర్లు కొత్త కావు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి 433 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్ మాడ్యూల్ జంటా, ఈ చిప్పులూ కొనుక్కుని చివరి ఏడాది ప్రాజెక్టు చేసిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఎందరో. అలా చేసినవాళ్లు గమనించే ఉంటారు: ఎవరూ ఏమీ పంపకపోయినా ఆ చౌక రిసీవరు ఊరుకోదు, గాలిలోని రొదను పట్టి ఏవో సున్నాలు, ఒకట్లు కక్కుతూనే ఉంటుంది. అందుకే హెచ్‌టీ12డీ వచ్చిన కోడ్‌ను వరసగా మూడుసార్లు సరిచూసుకుని, మూడుసార్లూ కలిస్తేనే ఆజ్ఞను నమ్ముతుంది. రొద మూడుసార్లు ఒకే అబద్ధం చెప్పడం దాదాపు జరగదు. ఇంత సాదా ఉపాయంతో ఇంత నమ్మకం సాధించడం నాకిప్పటికీ అబ్బురమే.

ఆ తర్వాతి అడుగు మాట. రిమోట్‌లో మైకు పెట్టి సినిమా పేరు చెబితే వెతకాలంటే ఐఆర్ చాలదు. ఆర్‌సీ-5లో ఒక్క బిట్టుకే దాదాపు 1.8 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు ఆరువందల బిట్లు కూడా దాటవు. గొంతును మోయడానికి అది ఏ మూలకూ రాదు. పానసోనిక్, ఫిలిప్స్, శామ్‌సంగ్, సోనీ 2008లో చేతులు కలిపి ఆర్‌ఎఫ్4సీఈ అనే ఉమ్మడి రేడియో రిమోట్ పద్ధతికి పూనుకున్నాయి. మరుసటి ఏడాది అది జిగ్‌బీ అనే రేడియో ప్రమాణం గొడుగు కిందకు వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్‌లో వైఫై ఎక్కువగా వాడే 1, 6, 11 ఛానళ్ల నడుమ సందుల్లో ఇమిడేలా మూడు ఛానళ్లను ఏరుకుంది. అదే సమయంలో బ్లూటూత్ 4.0 వచ్చింది. 2015లో ఆపిల్ టీవీ సిరి రిమోట్ దాన్నే వాడింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పరిధిని 2005లోనే లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు కాబట్టి ఇవన్నీ ఏ అడ్డూ లేకుండా మన ఇళ్లలోకి వచ్చాయి. వీటిలో చిరునామా 256 అమరికలతో ఆగదు. మొదటిసారి జత కలిసినప్పుడే రిమోట్, టీవీ ఒక రహస్య తాళాన్ని పంచుకుంటాయి. ఆ తర్వాత సంభాషణంతా ఆ తాళం వెనకే.

తాళం సరిగ్గా వేయకపోతే గోడ దాటే గుణం మళ్లీ తిరగబడుతుంది. అమెరికన్ కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ ఇచ్చిన ఎక్స్‌ఆర్11 అనే రేడియో రిమోట్‌ను దాదాపు 65 అడుగుల దూరం నుంచి, ఇంటి బయటి నుంచే, మాటలు వినే పరికరంగా మార్చవచ్చని 2020లో గార్డికోర్ భద్రతా పరిశోధకులు చూపించారు. వచ్చిన జవాబు నిజంగా తన బాక్సు పంపిందేనా అని ఆ రిమోట్ గట్టిగా ఆరా తీయకపోవడమే లోపం. కంపెనీ దాన్ని సరిదిద్దింది. 1955లో జెనిత్ ఇంజనీర్లు భయపడింది మరీ ఉత్త భయమేం కాదు.

ఇంట్లో ఆర్‌ఎఫ్ రిసీవరు అమర్చుకోబోయేవాళ్లకు ఈ కథ నుంచే కొన్ని పనికొచ్చే మాటలు చెప్పగలను. రిసీవరును ఆంప్లిఫయరు మీదో, టీవీ వెనక రేకుకు ఆనించో, వైఫై రౌటరు పక్కనో పెట్టకండి. చాలా రిసీవర్ల మీద సంకేతం అందినట్టు చెప్పే చిన్న దీపం ఉంటుంది. ఎవరూ మీట నొక్కకుండానే అది మినుకుమంటుంటే అక్కడ రొద ఉందని అర్థం, చోటు మార్చండి. 433 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం 17 సెంటీమీటర్ల పైచిలుకు, ఏంటెనా తీగ అందుకే ఆ పొడవుంటుంది. దాన్ని చుట్టచుట్టి లోపలికి కుక్కకుండా ఇనుప ర్యాకు బయటికి నిటారుగా వదలండి. ఎమిటరు అంటించే ముందు పరికరం ముందరి నల్ల అద్దం మీద టార్చి వేసి చూస్తే లోపలి ఐఆర్ కన్ను గుండ్రంగా కనిపిస్తుంది. సరిగ్గా దాని మీదే అంటించాలి, ఒక వేలెడు పక్కకు జరిగినా కొన్ని మీటలు పనిచేసి కొన్ని మొరాయిస్తాయి. ఎమిటరు పనిచేస్తోందో లేదో ఫోన్ కెమెరాలో చూడొచ్చు. ఐఆర్ మినుకు చాలా కెమెరాలకు కనిపిస్తుంది. ముందు దగ్గర నిలబడి పరీక్షించి, ఆ తర్వాతే ఒక్కో గది దాటుతూ వెళ్లండి. స్ట్రీమింగ్ స్టిక్ రిమోట్ తడబడుతుంటే స్టిక్‌ను టీవీ వెనక నుంచి పొట్టి హెచ్‌డీఎంఐ తీగతో కాస్త బయటికి లాగండి. పక్కనే ఉండే యూఎస్‌బీ 3.0 సాకెట్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద చేస్తాయి.

చిరునామా స్విచ్‌లు గానీ ఐడీ నంబరు గానీ ఉన్న రిసీవరైతే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అమరికను మార్చకుండా వాడకండి. మీ పై అంతస్తువాళ్లదీ అదే అయ్యుండొచ్చు. పాత టీవీనో, స్టిక్‌నో అమ్మేటప్పుడు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి రిమోట్ జతను తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వండి.